తాళంచెవి మరిచిన కొత్త మేనేజరు

ఈసారి ఉగాది సభలో ఉపన్యాసాలు ముగిసి భోజనాల వరుసలో నిలుచున్నప్పుడు ముగ్గురు నన్ను పట్టుకొని ఇంచుమించు ఒకే ప్రశ్న వేశారు. “కంప్యూటరు ఏదో అప్‌డేట్ అడిగింది, సరేనన్నాం. మర్నాడు ఆన్ చేస్తే నల్లతెర మీద ఏవో ఇంగ్లీషు పంక్తులు వచ్చి ఆగిపోయింది. రిపేరు అంగడాయన ఫార్మాట్ కొట్టాలంటున్నాడు. కొట్టించమంటారా?”

కొట్టించకండి. అక్కడ నిలబడి చెప్పింది ఆ ఒక్క మాటే, ఎందుకంటే వెనక సాంబారు బకెట్టు వచ్చేసింది. ఎందుకు కొట్టించకూడదో, బదులుగా ఏం చేయాలో ఈ సంచికలో వివరంగా రాస్తానని మాట ఇచ్చాను.

ఈ బాధ ఇప్పుడే ఇంతమందికి ఎందుకొచ్చిందంటే దానికో కారణముంది. 2025 అక్టోబరు 14తో విండోసు 10కి మామూలు మద్దతు ముగిసింది. ఇళ్ళలో ఉన్న పాత కంప్యూటర్లు చాలావాటికి విండోసు 11 ఎక్కదు. బాగా పనిచేస్తున్న యంత్రాన్ని పారేయడానికి మనసొప్పక, మన సంఘంలోనే కొన్ని ఇళ్ళలో పిల్లలు వాటిలో లినక్సు వేసి ఇచ్చారు. మంచి పనే చేశారు. అయితే వేసి ఇచ్చిన పిల్లలు బెంగుళూరులోనో డాలస్‌లోనో ఉంటారు, అప్‌డేట్ అడిగినప్పుడు ఎదురుగా కూర్చుని ఉండేది మనం!

ముందు కెర్నెల్ అంటే ఏమిటో చూద్దాం. ఆ ఇంగ్లీషు మాటకు అసలు అర్థం, కాయ పగలగొడితే లోపల ఉండే పప్పు అని. మన వైపు చెనిక్కాయ వలిస్తే వచ్చే పప్పు లాంటిదన్నమాట. తెర మీద మనకు కనిపించే బొమ్మలూ కిటికీలూ అన్నీ పైపొట్టు. డిస్కుతో, కీబోర్డుతో, మెమరీతో నేరుగా మాట్లాడి పని చేయించేది లోపలి పప్పు. లినక్సు అన్న పేరు అసలు ఆ పప్పుదే. 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థి, తాను సరదాగా ఒకటి తయారు చేస్తున్నానని ప్రకటించాడు. ఆ సెప్టెంబరులో వచ్చిన మొదటి రూపంలో ఉన్నది పదివేల పంక్తుల ప్రోగ్రాము. ఇప్పుడది మూడు కోట్ల పంక్తులు దాటింది. తొమ్మిది పది వారాలకొకసారి కొత్త కెర్నెల్ వస్తూనే ఉంటుంది. మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దాని లోపల ఉన్నదీ లినక్సు కెర్నెలే.

మరి కంప్యూటరు మీట నొక్కిన దగ్గర్నుంచి తెర వచ్చేదాకా ఏం జరుగుతుంది? నేను బి.కాం. చదివినవాణ్ణి, నాకు తెలిసిన పోలిక బ్యాంకుదే. పొద్దున బ్రాంచి తెరవడం ఊహించుకోండి. మొదట కాపలాదారు షట్టరు ఎత్తి, లైట్లు వేసి, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూస్తాడు. కంప్యూటరులో ఈ పని చేసేది బయాస్. కొత్త యంత్రాల్లో దాని పేరు యు.ఇ.ఎఫ్.ఐ. తర్వాత హాజరుపట్టీ పట్టుకొని ఒకరు వస్తారు. ఈ రోజు ఏ మేనేజరు డ్యూటీలో ఉన్నారో చూసి లోపలికి పిలవడం ఆయన పని. లినక్సులో ఈయన పేరు గ్రబ్. గ్రబ్ పిలవగానే వచ్చే మేనేజరే కెర్నెల్.

మేనేజరు వచ్చినంత మాత్రాన స్ట్రాంగ్ రూము తెరుచుకోదు కదా. రెండో తాళంచెవి హెడ్ క్యాషియరు దగ్గరుంటుంది, ఇద్దరూ కలిస్తేనే తలుపు కదులుతుంది. కెర్నెల్‌దీ అదే పరిస్థితి. డిస్కును తెరవడానికి కావలసిన పనిముట్లన్నీ ఒక చిన్న సంచిలో కట్టి పక్కన పెట్టి ఉంటాయి. దాన్ని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అంటారు. పేరు నోరు తిరగకపోతే తాళంచెవుల సంచి అనుకోండి. ప్రతి కెర్నెల్‌కూ దాని సంచి దానికే ఉంటుంది. పాత మేనేజరు సంచి కొత్తాయనకు పనికిరాదు.

అప్‌డేట్ జరుగుతున్నప్పుడు కరెంటు పోయిందనుకోండి, లేదా డిస్కులో చోటు చాల్లేదనుకోండి. కొత్త మేనేజరుకు నియామకపత్రం వచ్చింది, హాజరుపట్టీలో పేరు ఎక్కింది, సంచి మాత్రం సగంలో ఆగిపోయింది. మర్నాడు గ్రబ్ ఆయన్ని పిలుస్తుంది. ఆయన వస్తాడు, తలుపు దగ్గరికి వెళ్తాడు, తాళంచెవి లేదు. అప్పుడు తెర మీద పడే కేకే “కెర్నెల్ పానిక్”. కింద “అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్” అన్న ముక్కలు కనిపిస్తాయి. కొన్ని ల్యాప్‌టాపుల్లో క్యాప్స్ లాక్ దీపం ఆగకుండా మిణుకుతూ ఉంటుంది. చూడటానికి భయంగా ఉంటుంది కానీ, స్ట్రాంగ్ రూములో డబ్బు ఎక్కడికీ పోలేదు. తలుపు తెరుచుకోలేదు, అంతే. ఫార్మాట్ కొట్టడమంటే, తాళంచెవి దొరకలేదని స్ట్రాంగ్ రూము కూలగొట్టి కొత్తది కట్టడం. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమన్నా అదే.

ఇక అసలు విశేషం. కొత్త మేనేజరు వచ్చాడని పాత మేనేజరును ఇంటికి పంపేయలేదు! ఆయన తన సంచితో సహా వెనక గదిలోనే కూర్చుని ఉన్నాడు.

దీన్ని నేను మొదట చూసింది లినక్సులో కాదు. 1997లో నేను పనిచేసిన బ్రాంచిలో యూనిక్సు మీద నడిచే యంత్రం ఒకటి ఉండేది. గోడవార పెద్ద పెట్టె, కౌంటర్ల మీద పచ్చ అక్షరాల టెర్మినళ్ళు. ఇంకో నాలుగు టెర్మినళ్ళు కలపడానికి ఇంజనీరు వచ్చి, సాయంత్రం కొత్త కార్డు బిగించి, కెర్నెల్‌ను మళ్ళీ కట్టి వెళ్ళాడు. మర్నాడు పదింటికి యంత్రం లేవలేదు. అది నెల మొదటి తారీఖు. పెన్షనుదార్ల వరుస మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చింది. మేనేజరు గారు పాత లెడ్జర్లు తీయించమంటారా అని అడుగుతుండగానే ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. యంత్రం “బూట్” అని అడిగేచోట ఎనిమిది అక్షరాలు కొట్టాడు: యూనిక్స్ డాట్ ఓల్డ్. నిన్నటి కెర్నెల్ అదే పేరుతో పక్కన పదిలంగా ఉంది. పదిన్నరకల్లా టెర్మినళ్ళు వెలిగాయి. కొత్త కార్డు సంగతి రాత్రి చూసుకొన్నారు.

అప్పట్లో మాకది వింతగా అనిపించలేదు. బ్యాంకులో కంప్యూటర్లు వచ్చిన కొత్తలో నెలల తరబడి పారలల్ రన్ అని నడిపేవాళ్ళం. అదే ఖాతా, అదే లావాదేవీ, పుస్తకంలోనూ రాయాలి, యంత్రంలోనూ ఎక్కించాలి. సాయంత్రం రెండు మొత్తాలూ పైసాతో సహా సరిపోవాలి. అలా సరిపోయాయని నమ్మకం కుదిరేదాకా పాత పుస్తకం కట్టేసే ప్రశ్నే లేదు. అంతకుముందు తరం గుమాస్తాలు లెడ్జరు నిండి కొత్త లెడ్జరుకు నిల్వలు మార్చినప్పుడూ అంతే. ఆఫీసరు ఒక్కో నిల్వకు టిక్కు పెట్టి సంతకం చేసేదాకా పాతది బల్ల మీదే ఉండేది. కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టేస్తుందంటారు గానీ, లెక్కల దగ్గర మాత్రం ఆ పద్ధతి పనికిరాదు.

ఇప్పుడు తిరుత్తణి సంగతి చెప్పాలి. అక్కడ మా చిన్నాయన ఉంటారు, తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చిందన్న సంగతి మన చదువరులకు చెప్పనక్కరలేదు. హద్దు మారినా ఇళ్ళలో మాట మారలేదు. చిన్నాయన మూడేళ్ళుగా ఆ మాటలనే పోగుచేస్తున్నారు. పొరక, ఎర్రగడ్డ, ఉర్లగడ్డ లాంటి ఇంటి మాటలు, పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపు మగ్గాల దగ్గర ఇంకా వినిపించే పడుగు, పేక, నాడె, పన్నె లాంటి పనిమాటలు. ఎవరు అన్నారు, ఏ ఊళ్ళో అన్నారు, దానికి పక్కింటి తమిళంలో ఏమంటారు, అన్నీ వరుసగా టైపు చేసుకొన్నారు. రెండువేల ఎనిమిది వందల మాటలు దాటాయి. చెప్పినవాళ్ళలో కొందరు ఈ మధ్యే కాలం చేశారు. రెండోసారి అడిగి రాసుకొనే వీలులేదు.

ఆయన టైపు చేసే ల్యాప్‌టాపుకు ఒక చరిత్ర ఉంది. తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాపుల పథకాన్ని 2011 సెప్టెంబరు 15న, అణ్ణాదురై జయంతి నాడు, మన తిరువళ్ళూరు జిల్లాలోనే మొదలుపెట్టింది. ఆ యంత్రాల్లో విండోసుతో పాటు బాస్ లినక్సు కూడా వేసి ఇచ్చారు. బాస్ అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్, చెన్నైలోని సి-డాక్ వారు డెబియన్ అనే లినక్సును ఆధారం చేసుకొని మన భాషలన్నీ వచ్చేట్టు తయారు చేసింది. జిల్లాలో ఎన్నో ఇళ్ళకు లినక్సు మొదట అడుగుపెట్టింది అలాగే, అయితే ఆన్ చేయగానే వచ్చే పట్టికలో ఆ రెండో వరుసను నొక్కి చూసినవాళ్ళు నాకు తెలిసినంతలో తక్కువే. చిన్నాయన మనవడికి ప్లస్ టూలో వచ్చింది ఆ ల్యాప్‌టాపు. 2020 జనవరిలో విండోసు 7కి మద్దతు ఆగిపోయాక అతను పాత బాస్ తీసి, తేలికగా నడిచే కొత్త లినక్సు ఒకటి వేసి, తాతకు అప్పగించి ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళాడు. బ్యాటరీ ఎప్పుడో ముసలిదైంది. వైరు తీస్తే ఐదు నిమిషాలు కూడా నిలవదు.

మొన్న ఎండాకాలంలో అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. ఆ రాత్రే ఫోను వచ్చింది.

“ఏమప్పా, మూడేండ్లుగా కొట్టిందంతా పోయినట్టేనా?”

“పోలేదు చిన్నాయనా. అంగడికి మాత్రం పంపించొద్దండి.”

“ఆరు నూర్లు అడిగినాడు. లోపలుండేదానికి పూచీ లేదంట.”

“ఆయనకు పూచీ లేదు, మనకుంది. శనివారం నేనొస్తా. అందాక దాన్ని ముట్టుకోకండి.”

రెండో శనివారం బ్యాంకుకు సెలవు. తిరువళ్ళూరులో బస్సెక్కి కనకమ్మసత్రం మీదుగా తిరుత్తణి చేరేసరికి ఎండ ముదిరింది. ఇంట్లో అందరూ రోగి మంచం చుట్టూ చేరినట్టు ల్యాప్‌టాపు చుట్టూ చేరి ఉన్నారు. చిన్నాయన మనవరాలు ఇంజనీరింగు రెండో సంవత్సరం. కీబోర్డు దగ్గర ఆ అమ్మాయినే కూర్చోబెట్టాను.

మీట నొక్కగానే గ్రబ్ పట్టిక వచ్చింది. విండోసు కూడా అందులో ఉంది కాబట్టి పట్టిక దానంతటదే కనిపించింది. లినక్సు ఒక్కటే ఉన్న యంత్రాల్లో ఈ పట్టిక దాగి ఉంటుంది. పాత యంత్రమైతే ఆన్ చేసిన వెంటనే షిఫ్ట్ మీట నొక్కి పట్టుకోవాలి, కొత్తదైతే ఎస్కేప్ మీట తడుతూ ఉండాలి. పట్టికలో మొదటి వరుసను ఊరికే వదిలేస్తే కొత్త కెర్నెలే వస్తుంది. రెండో వరుసలో “అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్” అని ఉంటుంది. కింది బాణం మీటతో అక్కడికి వెళ్ళి ఎంటర్ కొట్టాలి. లోపల అంకెలతో నాలుగైదు వరుసలు కనిపిస్తాయి. పై అంకె కొత్త కెర్నెల్‌ది, దాని కిందిది పాతది. ఒక్కో అంకెకు మామూలు వరుస ఒకటి, “రికవరీ మోడ్” అన్న వరుస ఒకటి ఉంటాయి. పాత అంకె ఉన్న మామూలు వరుసను ఎంచుకోమన్నాను.

నల్లతెర మీద పంక్తులు గబగబా పరుగెత్తాయి. నిమిషంన్నర ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తెర మీద తిరుత్తణి కొండ ఫోటో వచ్చింది. చిన్నాయన పెట్టుకొన్నదే.

“ఇంతేనా పెదనాన్నా?” అంది అమ్మాయి.

ఇంతే కాదు. ఇక్కడే చాలామంది సంతోషంతో యంత్రం మూసేసి కాఫీకి వెళ్తారు. మర్నాడు ఆన్ చేస్తే మళ్ళీ గ్రబ్ ఆ కొత్త మేనేజరునే పిలుస్తుంది, మళ్ళీ అదే కేక! యంత్రం లేచిన వెంటనే చేయాల్సిన మొదటి పని మరమ్మతు కాదు, నకలు. పెన్‌డ్రైవు పెట్టి చిన్నాయన ఫైళ్ళన్నీ దానిలోకి ఎక్కించాం. ఎక్కించాక పెన్‌డ్రైవును తీసి ఇంకో కంప్యూటరులో పెట్టి, ఫైలు తెరుచుకుంటున్నదో లేదో చూశాం. నకలు తీశామనడం వేరు, తీసిన నకలు చదవగలగడం వేరు. బ్యాంకులో ఫ్లాపీల కాలంలోనే ఈ పాఠం చెప్పేవారు.

ఆ తర్వాత మరమ్మతు. దానికి యంత్రం పాస్‌వర్డు అడిగింది. అది తెలిసింది బెంగుళూరు మనవడికొక్కడికే, అతను మీటింగులో ఉన్నాడు. ముప్పావుగంట కాచుకొన్నాం. బ్రాంచిలో ముఖ్యమైన పాస్‌వర్డును కవరులో పెట్టి, అతికించి, సంతకం చేసి, ఇనప్పెట్టెలో ఉంచేవాళ్ళం. ఇంట్లో అంత హంగామా అక్కర్లేదు గానీ, ఎక్కడో ఒక కాగితం మీద ఉండాలి. చిన్నాయన ఇప్పుడు పంచాంగం వెనక అట్ట మీద రాసుకొన్నారు.

మరమ్మతు నాలుగు మాటల్లో చెబుతాను, ఇంజనీరింగు చదివే పిల్లలకు ఇది చాలు. డెబియన్, ఉబుంటు కుటుంబాల లినక్సుకు వర్తిస్తుంది. మొదట డిస్కులో చోటుందో లేదో చూడాలి, ముఖ్యంగా బూట్ అనే విభాగంలో. కొన్ని యంత్రాల్లో ఆ విభాగం విడిగా, చిన్నదిగా ఉంటుంది. పాత కెర్నెళ్ళు పోగై అది నిండిపోయి, కొత్త సంచి కట్టడానికి చోటు లేకపోవడం ఈ జబ్బుకు తరచు కనిపించే కారణం. చోటు లేకపోతే ఆటోరిమూవ్ అనే ఆజ్ఞతో బాగా పాతవాటిని తీయించాలి. అది ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్‌ను తీసేయదు. చేత్తో ఫైళ్ళు చెరపడం మాత్రం వద్దు. అలా చెరిపి పాత మేనేజరును కూడా పోగొట్టుకొన్నవాళ్ళున్నారు. చోటు ఉన్నాక, సగంలో ఆగిన పనులన్నీ పూర్తిచేయమని డి.పి.కె.జి.కి చెప్పాలి. సంచి అప్పటికీ రాకపోతే అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌తో దాన్ని కట్టించాలి. చివర అప్‌డేట్-గ్రబ్‌తో హాజరుపట్టీ తిరగరాయించాలి. చిన్నాయన యంత్రంలో చోటుకు కొదవ లేదు, జబ్బు కరెంటు కోతదే. పది నిమిషాల్లో కొత్త కెర్నెల్ కూడా బుద్ధిగా లేచింది. ఈసారి వైరు గోడకు కాకుండా యు.పి.ఎస్.కు తగిలించాం.

అందరికీ ఇంత సులువుగా తేలుతుందని చెప్పను. పట్టికలో పాత అంకె కనిపించకపోవచ్చు, గ్రబ్బే రాకపోవచ్చు. అప్పుడు వేరే కంప్యూటరులో లైవ్ పెన్‌డ్రైవు తయారు చేసుకోవాలి, 8 జీబీది చాలు. దాన్ని గుచ్చి ఆన్ చేస్తే కంప్యూటరు లోపలి డిస్కుతో పని లేకుండా పెన్‌డ్రైవులోంచే లేస్తుంది. అక్కడ రెండు మాటలు కనిపిస్తాయి, “ట్రై” అని ఒకటి, “ఇన్‌స్టాల్” అని ఒకటి. ట్రై మాత్రమే నొక్కండి. ఇన్‌స్టాల్ నొక్కి చూసుకోకుండా ముందుకు పోతే ఫార్మాట్ కొట్టించినట్టే. ట్రైలోంచి లోపలి డిస్కును తెరిచి, ముందు ఫైళ్ళు బయటికి తెచ్చుకోండి. మరమ్మతు తర్వాత తీరిగ్గా తెలిసినవాళ్ళ చేత చేయించవచ్చు. డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేస్తుంటే మాత్రం ఇవేవీ ప్రయత్నించకండి. అది కెర్నెల్ జబ్బు కాదు. ఆన్ చేసిన కొద్దీ నష్టం పెరుగుతుంది.

“విండోసువాళ్ళకు ఈ తిప్పలు లేవుగా” అని సభలో ఒకాయన నవ్వారు. 2024 జూలై 19 ఆయనకు గుర్తు లేనట్టుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ రక్షణ సాఫ్టువేరు విండోసు కెర్నెల్ లోపల కూర్చుని పనిచేస్తుంది. ఆ రోజు ఆ సంస్థ పంపిన ఒక్క తప్పు ఫైలు వల్ల ప్రపంచమంతటా 85 లక్షల విండోసు యంత్రాలు నీలితెర వేసి కూర్చున్నాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. సంస్థ 78 నిమిషాల్లోనే ఆ ఫైలును వెనక్కు తీసుకొంది. కానీ అప్పటికే దాన్ని అందుకొన్న యంత్రాలు చాలావరకు లేవడం లేదు కదా, ఇంక వాటికి కబురు పంపేదెలా? ఒక్కో యంత్రం దగ్గరికి మనిషి వెళ్ళి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చెరపాల్సి వచ్చింది. మన బ్యాంకుల సంగతి చూస్తే, పది బ్యాంకులకూ ఆర్థిక సంస్థలకూ మాత్రమే, అదీ స్వల్పంగా, ఇబ్బంది కలిగిందని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. మా బ్రాంచిలో ఆ రోజు యథావిధిగా టోకెన్లు పిలిచాం. ఇక్కడ కూడా గమనించండి, లోపలి సమాచారం ఎక్కడికీ పోలేదు. లేవకపోవడమే జబ్బు.

ఇంట్లో విండోసు అప్‌డేట్ తర్వాత లేవకపోతే, రెండు మూడుసార్లు విఫలమయ్యాక అదే మరమ్మతు తెర చూపిస్తుంది. అందులో చివరి అప్‌డేట్‌ను తీసేయమనే వీలుంటుంది, అది ప్రయత్నించండి. అయితే బిట్‌లాకర్ అనే తాళం ఉన్న యంత్రాల్లో 48 అంకెల తాళంచెవి అడగవచ్చు. చాలామందికి తమ యంత్రానికి అలాంటి తాళం ఉందన్న సంగతే తెలియదు! యంత్రం బాగున్నప్పుడే మీ మైక్రోసాఫ్టు ఖాతాలోకి వెళ్ళి ఆ అంకెలు రాసుకొని, యంత్రం ఉన్న ఇంట్లో కాక ఇంకోచోట ఉంచండి. బ్యాంకు స్ట్రాంగ్ రూము డూప్లికేటు తాళంచెవులు ఆ బ్రాంచిలో ఉండవు, ఇంకో బ్రాంచిలో డిపాజిట్ చేసి ఉంటాయి. ఎందుకో మీకు నేను చెప్పాలా?

ఫోన్ల విషయంలో ఈ గొడవ తక్కువగా ఎందుకుందో కూడా ఒక ముక్క చెబుతాను. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఒక పద్ధతి మొదలైంది. ఫోను లోపల రెండు అరలు ఉంటాయి. ఒక అరలోది నడుస్తుండగా కొత్తది రెండో అరలో ఎక్కుతుంది. ఫోను మళ్ళీ ఆన్ చేసినప్పుడు కొత్తది సరిగా లేవకపోతే తనంత తానే పాత అరకు తిరిగిపోతుంది. మన పారలల్ రన్నే కదా ఇది! అన్ని ఫోన్లలోనూ లేదు గానీ చాలావాటిలో వచ్చింది. ఇంటి కంప్యూటర్లలో కూడా ఇదే ఏర్పాటు మామూలైపోతే ఈ శీర్షికకు ఒక విషయం తగ్గుతుంది, నాకేం బాధ లేదు.

చిన్నాయన మాటల ఫైలు ఇప్పుడు మూడుచోట్ల ఉంది. ఒకటి ల్యాప్‌టాపులో, ఒకటి మనవరాలి హాస్టలులో, ఒకటి తిరువళ్ళూరులో నా దగ్గర. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ అమ్మాయి కొత్త నకలు పంపుతుంది. నేను తెరిచి చూసి, ఆఖరు మాట ఏమిటో ఫోనులో చెబుతాను. మొన్న వచ్చిన నకలులో ఆఖరు మాట “మాపటేల”.

తెలుగులో టైపు చేసే ఇన్‌స్క్రిప్టు కీబోర్డు గురించి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు. అది నాకన్నా చిన్నాయనకే బాగా వచ్చు, పదివేళ్ళతో కొడతారు. వచ్చే సంచికకు మీరే రాయండని అడిగాను. “కరెంటుంటే రాస్తాలే” అన్నారు.